కోపానికి కౌన్సెలింగ్: శాస్త్రం ఏం చెబుతోంది?

జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్తారు. పంటినొప్పి వచ్చినా వెళ్తారు. కోపం ఎక్కువైందని వెళ్లేవారు మాత్రం అరుదు. "ఆయన స్వభావమే అంత", "నాన్న కోపంగా ఉన్నారు, కాసేపు అటు వెళ్లకండి" అంటూ ఇంట్లోవాళ్లే సర్దుకుపోతుంటారు. ఆ సర్దుబాటు భారమంతా భార్య మీద, పిల్లల మీద, ఇంట్లోని పెద్దవాళ్ల మీద పడుతుంది. కోపం పుట్టుకతో వచ్చిన గుణమని, మార్చలేమని నమ్మడమే ఇందుకు ముఖ్య కారణం.

గత 50 ఏళ్లలో జరిగిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచడం లేదు. కోపం రావడం సహజం. కోపం వచ్చాక ఏం చేయాలన్నది మాత్రం నేర్చుకోగల నైపుణ్యం. సైకిలు తొక్కడం, ఈత కొట్టడం లాగా దాన్ని అభ్యాసంతో సాధించవచ్చు. కోపానికి ఇచ్చే కౌన్సెలింగ్ ఈ నైపుణ్యాన్నే నేర్పుతుంది.

శరీరంలో ఏం జరుగుతుంది?

అన్యాయం జరిగిందనో, అవమానం ఎదురైందనో, దారికి ఎవరో అడ్డు తగిలారనో అనిపించినప్పుడు కోపం పుడుతుంది. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా అనే భాగం ముప్పును పసిగడుతుంది. దాని సంకేతం హైపోథాలమస్‌కు చేరగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. ముఖం వేడెక్కుతుంది. పోరాటానికో, పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన గ్రంథంలో వివరించారు.

నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ వేడిని అదుపు చేస్తుంది. ముందూ వెనుకా ఆలోచించడం, మాటను ఆపుకోవడం, ఫలితాన్ని అంచనా వేయడం దాని పనులు. ఉద్వేగం తీవ్రంగా ఉన్నప్పుడు దాని పట్టు సడలుతుంది. నిద్ర చాలకపోయినా, మద్యం తాగినా, బాగా అలసిపోయినా ఇంకా బలహీనపడుతుంది. మామూలు రోజున నవ్వుతూ వదిలేసే మాటకే మరో రోజు చేతిలోని గ్లాసు గోడకు తగలడానికి కారణం ఇదే.

కోపం ఎక్కువగా ఎవరి మీద చూపిస్తారన్నది కూడా పరిశోధనకు వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఎవరిల్ మామూలు మనుషుల రోజువారీ కోపాలను పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. కోపానికి గురయ్యేవారు శత్రువుల కంటే ఎక్కువగా తెలిసినవారు, ఆప్తులేనని అందులో తేలింది. అందుకే కోపం సమస్య బయటకంటే ముందు ఇంట్లో కనిపిస్తుంది.

గుండెకు, రక్తనాళాలకు జరిగే హాని

తరచూ వచ్చే కోపం శరీరాన్నీ దెబ్బతీస్తుంది. తొమ్మిది అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ 2014లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వెలువడింది. తీవ్రమైన కోపం వచ్చిన తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం మిగతా సమయాలతో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు ఎక్కువని అది చూపింది. ఈ అంకె చూసి బెదరిపోనక్కరలేదు. గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉన్న 10,000 మంది నెలకు ఒకసారి కోపగించుకుంటే ఏడాదికి అదనంగా వచ్చే గుండెపోటు ఒకటేనని అదే పరిశోధకులు లెక్కగట్టారు. రోజుకు ఐదుసార్లు మండిపడితే ఆ సంఖ్య 158కి చేరుతుంది. అంటే అసలు ముప్పు తరచుదనంలో ఉంది.

కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో మరో ఫలితం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న 280 మందిని కొన్ని జట్లుగా చేసి, కోపం, ఆందోళన, విచారం కలిగించే విషయాల మీద ఒక్కో జట్టు 8 నిమిషాలపాటు మనసు పెట్టేలా చేశారు. కోపం తెచ్చుకున్నవారిలో రక్తనాళాలు వ్యాకోచించే శక్తి తగ్గి, ఆ ప్రభావం 40 నిమిషాల వరకు ఉంది. ఆందోళన, విచారం కలిగినవారిలో అంత మార్పు కనిపించలేదు.

కక్కేస్తే కోపం తగ్గుతుందా?

"లోపల దాచుకోకు, కక్కేయ్, తేలికవుతుంది" అన్న సలహా చాలామంది ఇస్తారు. దిండును గుద్దమని, ఎవరూ లేనిచోట గట్టిగా అరవమని చెబుతారు. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో డబ్బు కట్టి పాత సామాను పగలగొట్టే రేజ్ రూములు కూడా వచ్చాయి. అందులో సరదా ఉంటే ఉండవచ్చు. చికిత్సగా మాత్రం దానికి ఆధారం లేదు.

బ్రాడ్ బుష్‌మన్ అనే శాస్త్రవేత్త 2002లో 600 మంది కళాశాల విద్యార్థులతో చేసిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధం. విద్యార్థులు రాసిన వ్యాసాన్ని ఘాటుగా విమర్శించి ముందు వారికి కోపం తెప్పించారు. తర్వాత కొందరిని, విమర్శించిన వ్యక్తినే తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దమన్నారు. ఇంకొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. మిగిలినవారిని రెండు నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. చివరకు అందరికంటే ఎక్కువ కోపంతో ఉన్నది విమర్శకుణ్ని తలచుకుంటూ గుద్దినవారే. అవకాశం ఇచ్చినప్పుడు అందరికంటే తక్కువ దూకుడు చూపినది ఊరికే కూర్చున్నవారు.

బుష్‌మన్, సోఫీ క్యార్విక్ కలిసి 154 అధ్యయనాలను, మొత్తం 10,189 మంది వివరాలను పరిశీలించి 2024లో వెలువరించిన విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. నెమ్మదైన శ్వాస, ధ్యానం, యోగా, కండరాలను సడలించే సాధన వంటి శరీరాన్ని శాంతపరిచే పద్ధతులు కోపాన్ని తగ్గించాయి. శరీరాన్ని ఉరకలెత్తించే పనులు మొత్తం మీద తగ్గించలేదు. కోపంగా ఉన్నప్పుడు పరుగెత్తడం కొంత పెంచింది కూడా. పరుగు గుండెకు మంచిదే కానీ కోపానికి విరుగుడు కాదు.

అలాగని కోపాన్ని మింగి కూర్చోవడం కూడా పరిష్కారం కాదు. పైకి మౌనంగా ఉంటూ లోపల అదే విషయాన్ని తిప్పితిప్పి తలచుకుంటే మంట చల్లారదు. కౌన్సెలింగ్ ఈ రెండింటికీ మధ్య మూడో దారి చూపుతుంది: ముందు శరీరాన్ని చల్లబరచడం, తర్వాత ఆలోచనను పరీక్షించడం, ఆ తర్వాత చెప్పాల్సిన మాట చెప్పడం.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

1950ల్లో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960ల్లో ఏరన్ బెక్ ఒక ముఖ్యమైన విషయాన్ని ముందుకు తెచ్చారు. జరిగిన సంఘటన ఒక్కటే మనిషిని కలవరపెట్టదు. దానికి అతను చెప్పుకునే అర్థానికి అందులో పెద్ద పాత్ర ఉంటుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి ఇదే పునాది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ నొవాకో దీన్ని కోపానికి వర్తింపజేసి 1975లో ఒక చికిత్సా విధానం ప్రచురించారు. అందులో మూడు దశలు ఉన్నాయి. మొదట తన కోపాన్ని తాను అర్థం చేసుకోవడం, తర్వాత నైపుణ్యాలు నేర్చుకోవడం, చివరగా చిన్న రెచ్చగొట్టే సందర్భాల నుంచి పెద్దవాటి వరకు మెట్టుమెట్టుగా అభ్యసించడం. 1977లో ఆయన దీన్ని పోలీసుల శిక్షణకు కూడా అన్వయించారు. నేడు వాడుకలో ఉన్న చాలా కార్యక్రమాలకు మూలం ఇదే. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2002లో విడుదల చేసిన మార్గదర్శిలో ఇది వారానికి ఒకసారి 90 నిమిషాల చొప్పున 12 వారాల సామూహిక శిక్షణగా రూపొందింది.

కౌన్సెలింగ్ గదిలో ఏం చేస్తారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిన్న పట్టణంలో కిరాణా కొట్టు నడిపే 42 ఏళ్ల వ్యక్తి. రాత్రి పదింటికి కొట్టు కట్టేసి ఇంటికొస్తాడు. కొడుకు ఆ రోజు లెక్క రాయకుండా ఫోను చూస్తూ కూర్చుని ఉంటాడు. ఆయన ఫోను లాక్కుని నేలకేసి కొడతాడు. అడ్డొచ్చిన భార్యను నోటికొచ్చినట్లు తిడతాడు. మర్నాడు పశ్చాత్తాపపడతాడు. వారం తిరక్కుండానే మళ్లీ అదే జరుగుతుంది. ఇలాంటి వ్యక్తి కౌన్సెలింగ్‌కు వస్తే పని ఈ వరుసలో సాగుతుంది.

మొదట అంచనా. కోపం ఎంత తరచుగా వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఎవరి మీద చూపుతున్నాడు, చేయి చేసుకుంటున్నాడా, తాగుతాడా, నిద్ర ఎలా ఉంది అని అడుగుతారు. ఛార్లెస్ స్పీల్‌బర్గర్ 1988లో రూపొందించిన ప్రశ్నావళి వంటివి వాడతారు. ఆ సమయానికి ఉన్న కోపాన్ని, స్వభావంగా మారిన కోపాన్ని అది వేరువేరుగా కొలుస్తుంది. శరీర కారణాలనూ విస్మరించరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మధుమేహానికి మందులు వాడేవారిలో చక్కెర పడిపోవడం, డిప్రెషన్, తలకు తగిలిన గాయం, వృద్ధుల్లో మతిమరుపు జబ్బు చిరాకును, కోపాన్ని పెంచగలవు. వాటికి వైద్యం చేయకుండా మాటలతోనే నయం చేయాలనుకోవడం పొరపాటు.

తర్వాత కోపం పుస్తకం. కోపం వచ్చిన ప్రతిసారీ ఏం జరిగింది, ఆ క్షణాన మనసులో ఏమనుకున్నాడు, ఏం చేశాడు అన్న మూడు విషయాలు రాయాలి. కోపం తీవ్రతకు 1 నుంచి 10 వరకు మార్కులు వేయాలి. రెండు వారాలు రాసేసరికి ఒక క్రమం కనబడుతుంది. కొట్టు యజమాని పుస్తకంలో తొమ్మిదులు, పదులు దాదాపు అన్నీ రాత్రి పది తర్వాతే ఉన్నాయనుకుందాం. మధ్యాహ్నం సరిగా తినని రోజులు, అరువు తీసుకున్నవారు మొహం చాటేసిన రోజులు అవి. కోపం కొడుకు మీద చూపినా అది పొద్దుటి నుంచే పోగవుతూ వస్తోందని ఆయనకే అర్థమవుతుంది.

హెచ్చరిక సంకేతాలు. కోపం ఉన్నట్టుండి పదికి చేరినట్లు అనిపిస్తుంది. నిజానికి మధ్యలో మెట్లు ఉంటాయి. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు పెరగడం, పిడికిలి ముడుచుకోవడం వంటివి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. నాలుగో ఐదో మెట్టు దగ్గర గుర్తిస్తే ఆగడం సాధ్యం. తొమ్మిదో మెట్టు మీద చాలా కష్టం.

శరీరాన్ని చల్లబరచడం. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున, గాలి వదిలే సమయం పీల్చే సమయం కంటే కొంచెం ఎక్కువ ఉండేలా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే విశ్రాంతి నాడీవ్యవస్థ చురుకవుతుంది. గుండె వేగం తగ్గుతుంది. అలవాటు లేకుండా కోపం వచ్చాకే దీన్ని మొదలుపెట్టడం కష్టం కావచ్చు. ప్రశాంతంగా ఉన్నప్పుడే రోజూ పది నిమిషాలు చేసి అలవాటు చేసుకుంటే, అవసరమైన క్షణాన అందివస్తుంది.

పక్కకు తప్పుకోవడం. దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. విసురుగా తలుపు వేసి వెళ్లిపోవడం ఇందులోకి రాదు. "ఇప్పుడు నాకు కోపంగా ఉంది. అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడదాం" అని చెప్పి వెళ్లాలి. ఆ సమయంలో బండి నడపకూడదు, తాగకూడదు, జరిగినదాన్నే తలచుకుంటూ మండిపోకూడదు. చెప్పిన సమయానికి తిరిగి రావాలి. ఈ ఏర్పాటు గురించి ఇంట్లోవాళ్లతో ముందే, అందరూ శాంతంగా ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి. లేకపోతే ఎదుటివారికి అది అలకలాగో, నిర్లక్ష్యంలాగో తోస్తుంది.

ఆలోచనను పరీక్షించడం. కొడుకు ఫోను చూస్తూ కనిపించగానే ఆ తండ్రి మనసులో మెదిలిన మాట "వీడు నన్ను లెక్కచేయడం లేదు". ఫోను పగలడానికి అసలు కారణం ఆ మాట. కౌన్సెలర్ దాన్ని అబద్ధమని కొట్టిపారేయరు. "అందుకు ఆధారం ఏమిటి? వేరే కారణం ఏమైనా ఉండవచ్చా? మీ స్నేహితుడి ఇంట్లో ఇలా జరిగితే ఏం చెబుతారు?" అని అడుగుతారు. "ఎప్పుడూ ఇంతే", "అందరూ ఇంతే", "కావాలనే చేశాడు" వంటి మాటలు కోపానికి నూనె పోస్తాయి. వాటి చోట "ఈ రోజు రాయలేదు, ఎందుకో అడగాలి" అన్న వాస్తవమైన మాటను నిలబెట్టడం నేర్పుతారు.

చెప్పాల్సిన మాట చెప్పడం. కోపం వెనుక న్యాయమైన ఫిర్యాదు ఉండవచ్చు. లెక్క రాయకపోతే రేపటి సరుకు ఎంత తేవాలో తెలియదు. "నీకు బుద్ధి లేదు, ఎందుకూ పనికిరావు" అంటే పిల్లవాడికి అవమానం ఒక్కటే గుర్తుంటుంది. "ఈ రోజు లెక్క రాయలేదు కాబట్టి రేపు ఏం తేవాలో తెలియడం లేదు. తొమ్మిదింటికల్లా రాసి పెట్టు" అంటే పని ఏమిటో తెలుస్తుంది. జరిగింది చెప్పడం, దానివల్ల కలిగిన ఇబ్బంది చెప్పడం, కావలసింది అడగడం అన్న మూడు మెట్లను కౌన్సెలర్ ఎదుట నటించి మళ్లీమళ్లీ సాధన చేయిస్తారు.

ఫలితం ఎంత?

రిచర్డ్ బెక్, ఎఫ్రెమ్ ఫెర్నాండెజ్ 1998లో 50 అధ్యయనాలను, మొత్తం 1,640 మంది ఫలితాలను కలిపి చూశారు. కాగ్నిటివ్ బిహేవియరల్ పద్ధతిలో చికిత్స పొందిన సగటు వ్యక్తి, చికిత్స పొందనివారిలో 76 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్లు తేలింది. ఆ అధ్యయనాల్లో విద్యార్థులే కాక ఖైదీలు, పిల్లలను కొట్టే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఫలితం గణనీయమైనదే, కానీ అందరికీ ఒకేలా ఉండదు. తప్పంతా ఎదుటివారిదేనని నమ్మేవారు, ఎవరో బలవంతం చేస్తే వచ్చినవారు, మధ్యలో మానేసేవారు తక్కువ లాభం పొందుతారు. ఇంటిదగ్గర సాధన చేయకుండా గదిలో విన్నది వినట్టు వదిలేసినా లాభం ఉండదు. పూర్తిగా కోపం రాని మనిషిని ఏ కౌన్సెలరూ తయారు చేయలేరు. కోపం వచ్చే సందర్భాలు తగ్గడం, వచ్చినా త్వరగా చల్లారడం, దానివల్ల ఎవరికీ హాని జరగకపోవడం అన్న మూడింటినే మెరుగుదలకు కొలమానంగా తీసుకోవాలి.

కొందరిలో కోపం జబ్బు స్థాయికి చేరుతుంది. రెచ్చగొట్టిన విషయానికి ఏమాత్రం పొంతన లేకుండా సగటున వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలలపాటు విరుచుకుపడుతుంటే, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తువులు ధ్వంసం చేయడమో, గాయపరచడమో జరిగితే వైద్యులు ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అనే రుగ్మత ఉందేమో పరిశీలిస్తారు. ఇలాంటివారికి మానసిక వైద్య నిపుణుడి పర్యవేక్షణ, ఒక్కోసారి మందులు అవసరమవుతాయి.

కోపం వేరు, హింస వేరు

కోపం ఒక ఉద్వేగం. హింస ఒక చర్య. మొదటిది దానంతటదే వస్తుంది. రెండోదాన్ని మనిషి చేస్తాడు. పై అధికారి ముందు, పోలీసు ముందు అణకువగా ఉండి, ఇంటికొచ్చాక మాత్రమే చేయి చేసుకునే వ్యక్తికి అదుపు చేతకాదని చెప్పలేం. ఇంట్లో ఆ అదుపు అక్కర్లేదని అతను అనుకుంటున్నాడు. ఇలాంటి సందర్భంలో కోపం తగ్గించే కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోదు. దెబ్బలు తింటున్న మనిషి భద్రత ముందు రావాలి.

భారతీయ చట్టం ఈ తేడాను గుర్తించింది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు ఆదేశించవచ్చు. అయితే 2006 నిబంధనలు ఒక గట్టి షరతు పెట్టాయి. ఆ కౌన్సెలింగ్‌లో హింసకు పాల్పడ్డాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి "ఆమె రెచ్చగొట్టింది కాబట్టి కొట్టాను" వంటి సమర్థన చెప్పుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి అతనికి ముందుగానే తెలియజేయాలి. కోపం కారణం కావచ్చు కానీ సాకు కాకూడదన్న సూత్రమే ఇక్కడ నియమంగా మారింది. "నువ్వే కాస్త సర్దుకుపో, ఆయనకు కోపం తెప్పించకు" అని బాధితురాలికి చెప్పే పెద్దమనుషుల పంచాయితీకీ, శాస్త్రీయమైన కౌన్సెలింగ్‌కూ తేడా కూడా ఇక్కడే ఉంది.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యసేవలను పొందే హక్కును ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అమలవుతున్న జిల్లా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో సంప్రదించవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ప్రైవేటుగా క్లినికల్ సైకాలజిస్టును కలిసేవారు భారత పునరావాస మండలిలో నమోదు ఉందో లేదో అడగడం మంచిది. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న మహిళలకు 181, పిల్లలకు 1098, తక్షణ ప్రమాదంలో ఉన్నవారికి 112 నంబర్లు ఉన్నాయి.

చేయి చేసుకునేదాకా రాకముందే, పిల్లలు తండ్రి అడుగుల చప్పుడు విని పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టినప్పుడే వెళ్లడం మేలు. తల్లి అయినా, టీచరు అయినా, యజమాని అయినా ఇదే వర్తిస్తుంది. వెళ్లే ముందు రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఏం చేశాను అన్న మూడు వరుసలు రాసి తీసుకెళ్తే మొదటి రోజే కౌన్సెలర్ పని సగం తేలికవుతుంది.